ఒక జంతువు పోతే మిగతావాటికి ఏమవుతుంది, ముందే ఎలా తెలుస్తుంది?

ప్రశ్న: వేటాడే జంతువును తీసేస్తే కొన్నిచోట్ల అంతా తారుమారవుతుంది, కొన్నిచోట్ల పెద్దగా ఏమీ జరగదు. ఈ తేడా ఎందుకు? ఒక చోట జంతువులు ఒకదాని మీద ఒకటి ఎలా ఆధారపడ్డాయో మేమే పరిశీలించి తెలుసుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ఆహారపు గొలుసు బొమ్మ ఒక్కటీ చూసి ఈ సంగతి చెప్పలేం. బొమ్మలో బాణం గడ్డి నుంచి మిడతకు, మిడత నుంచి కప్పకు, కప్ప నుంచి పాముకు వెళ్తుంది. ఏది దేని పొట్టలోకి పోతోందో అంతవరకే అది చెబుతుంది. కప్పలు ఇంకా పెరగకుండా అడ్డుపడుతున్నది పామా, మిడతల కొరతా, గుడ్లు పెట్టే గుంట తొందరగా ఎండిపోవడమా అన్నది అందులో ఉండదు. గుంట నెల రోజుల్లో ఎండిపోయి తోకకప్పలన్నీ చచ్చే చోట పాముల్ని మొత్తం తీసేసినా కప్పలు పెరగవు. అదే గుంట ఏడాదంతా నిండుగా ఉండి, తిండికి కొదవ లేకపోతే పాము లేని లోటు ఒక్క సీజన్లోనే కనిపిస్తుంది. అందుకే ప్రతి జంతువు విషయంలోనూ ముందుగా అడగాల్సింది ఒకటే: దీని సంఖ్యను అదుపులో ఉంచుతున్నది ఏది? తిండి, వేట, పోటీ, రోగం, గూడుకు చోటు. వీటిలో ఏది గట్టిగా పట్టి ఉంచుతోందో తెలిస్తే సగం జవాబు దొరికినట్టే.

శక్తి లెక్కతో మొదలుపెట్టడం మంచిది, ఎందుకంటే దాన్ని ఏ జంతువూ దాటలేదు. ఒక మెట్టు నుంచి పై మెట్టుకు 10 శాతం శక్తి చేరుతుందని పాఠాల్లో చదువుకున్నదాన్ని సగటుగానే తీసుకోండి. అసలు లెక్క చోటును బట్టి 5 నుంచి 20 శాతం దాకా మారుతుంది. జంతువు రకం వల్ల వచ్చే తేడా ఇంకా పెద్దది. పక్షులు, పాలిచ్చే జంతువులు ఒంటికి పట్టిన ఆహారంలో 1 నుంచి 3 శాతమే కండగానో పిల్లలుగానో మారుస్తాయి. మిగిలినదంతా ఒంటిని వెచ్చగా ఉంచడానికి, కదలడానికి ఖర్చయిపోతుంది. పాములు, బల్లులు, చేపలకు ఒంటి వేడి ఖర్చు లేదు కాబట్టి అదే తిండితో చాలా ఎక్కువ పెరుగుతాయి. ఒకే పొదలో పది బల్లులు బతుకుతుంటే, ఆ పొదను నమ్ముకుని ఒక్క పిట్ట జంట కూడా బతకలేకపోవడానికి కారణం ఇదే.

మాంసం తినే క్షీరదాల మీద 2002లో వచ్చిన ఒక లెక్క చేతిలో ఉంచుకోదగ్గది. 10,000 కిలోల ఆహార జంతువులు ఉన్నచోట ఒక్కో మాంసాహారి జాతికి సుమారు 90 కిలోలే నిలుస్తాయి. జంతువు చిన్నదైనా పెద్దదైనా నిష్పత్తి దాదాపు అంతే. మీ లెక్కలో వేటాడేవి దీనికి మించి చాలా ఎక్కువగా తేలితే రెండే అర్థాలు. మీరు లెక్కపెట్టని ఆహారం ఏదో అక్కడ ఉంది, లేదా బయటి నుంచి వస్తోంది: చెత్తకుప్పలు, పశువుల కళేబరాలు, పెంపుడు జంతువులు. బయటి తిండి మీద బతికే వేటజంతువు లోపల ఆహార జంతువులు తగ్గినా తను తగ్గదు. అరుదైన జంతువులను చివరిదాకా తుడిచిపెట్టేది సాధారణంగా ఇలాంటిదే.

ఇప్పుడు తిండి, వేట రెండింటినీ కలిపి చూడాలి. వీటిని విడదీసి “ఇదా, అదా” అని అడిగితే తప్పు జవాబు వస్తుంది. కెనడా అడవుల్లో స్నోషూ కుందేలు, దాన్ని తినే లింక్స్ అనే అడవి పిల్లి దాదాపు పదేళ్లకోసారి పెరిగి పడిపోతుంటాయి. కుందేళ్లు పడిపోయిన ఒకటి రెండేళ్లకు లింక్స్ పడిపోతుంది. యూకాన్ ప్రాంతంలో క్లువానీ దగ్గర దీని మీద పెద్ద ప్రయోగం జరిగింది. ఒక్కో చదరపు కిలోమీటరు ముక్కలు తీసుకుని, కొన్నింటిలో కుందేళ్లకు అదనంగా తిండి పెట్టారు. ఒకదానికి కరెంటు కంచె కట్టి నేలమీది వేటజంతువులు రాకుండా ఆపారు. ఇంకోదానిలో రెండూ చేశారు. 1995లో వచ్చిన ఫలితాల ప్రకారం కంచె ఒక్కటే ఉన్నచోట కుందేళ్లు రెండింతలు, తిండి ఒక్కటే పెట్టినచోట మూడింతలు ఉన్నాయి. రెండూ ఉన్నచోట పదకొండింతలు. రెండు మూళ్లు ఆరే కదా, పదకొండు ఎలా అయింది? చచ్చిన కుందేళ్లలో ఆకలితో చచ్చినవి చాలా తక్కువ, దాదాపు అన్నీ వేటకే పోయాయి. కానీ తిండి చాలని కుందేలు పొద దాటి బయటికి రావాలి, ఎక్కువసేపు మేయాలి, అప్పుడు దొరికిపోతుంది. పైకి కనిపించే చావు వేట. దానికి దారి వేసింది తిండి కొరత. కళేబరం మీద పంటి గాట్లు చూసి “వేటే కారణం” అని తేల్చేస్తే సగమే చూసినట్టు.

చంపకుండానే వేటజంతువు చేసే పని కూడా తక్కువది కాదు, దాన్ని చాలామంది లెక్కలోకే తీసుకోరు. కెనడా పశ్చిమ తీరపు దీవుల్లో పాటల పిచ్చుకల గూళ్లన్నిటికీ వలలు, కరెంటు కంచెలు కట్టి ఒక్క గూడు కూడా వేటకు పోకుండా చేశారు. తర్వాత కొన్నిచోట్ల వేటజంతువుల అరుపులు, కొన్నిచోట్ల హాని చేయని జీవుల అరుపులు స్పీకర్లలో వినిపించారు. వేటజంతువుల అరుపులు విన్న పిచ్చుకలు ఆ ఏడాది 40 శాతం తక్కువ పిల్లల్ని పెంచాయి. గుడ్లు తక్కువ పెట్టాయి, గూటిమీద తక్కువసేపు కూర్చున్నాయి, పిల్లలకు తిండి తేవడం తగ్గించాయి. ఒక్క ప్రాణమూ వేటకు పోలేదు. అమెరికాలో మిడతల మీద చేసిన ప్రయోగంలో సాలీళ్ల నోటిభాగాలను జిగురుతో అంటించి, అవి చంపలేకుండా చేసి వదిలారు. అయినా మిడతలు తమకు ఇష్టమైన గడ్డిని వదిలి, దాక్కోవడానికి వీలైన వెడల్పాకు మొక్కల మీదికి మారాయి. అలా గడ్డికి, ఆ మొక్కలకు మధ్య ఉన్న తూకం మారిపోయింది. కాబట్టి ఒక వేటజంతువు రోజుకు ఎన్ని తింటుందో లెక్కవేసి “ఇంత తక్కువే తింటోంది, దీని ప్రభావం ఏముంటుంది” అనుకోకండి.

ఆహార జంతువు మిగిలి ఉండాలంటే దాక్కునే చోటు ఉండాలి. 1958లో హఫేకర్ అనే శాస్త్రవేత్త నారింజల మీద బతికే నల్లిని (మంచంలో ఉండేది కాదు, మొక్కల మీద ఉండే మైట్), దాన్ని తినే మరో నల్లిని కలిపి పెంచాడు. చోటు చిన్నదైతే వేటాడే నల్లి మొత్తం తినేసి తనూ ఆకలితో చచ్చేది. నారింజల సంఖ్య 252కు పెంచి, మధ్యలో వాజలీన్ అడ్డుగట్లు పెట్టి, ఆహార నల్లి దారప్పోగు సాయంతో గాలిలో ఎగిరి తప్పించుకునేలా పుల్లలు నాటాక రెండూ కలిసి మూడు సార్లు పెరిగి తగ్గాయి. చదును చేసిన, పొదలు కొట్టేసిన, ఒకే ఎత్తున గడ్డి కోసిన నేలలో చిన్న జంతువులు హఠాత్తుగా మాయమవడం వెనక చాలాసార్లు ఇదే ఉంటుంది. కొత్త శత్రువు ఎవరూ రాలేదు. పాత శత్రువుకు అడ్డు తొలగింది.

ఇక మీ ప్రశ్నలో అసలు ముడి: ఏ వేటజంతువును తీస్తే కూలుతుంది? అమెరికాలో వాషింగ్టన్ తీరపు మకా అఖాతంలో రాబర్ట్ పెయిన్ అనే శాస్త్రవేత్త 1963 నుంచి ఒక రాతి గోడ ముక్క మీద నక్షత్ర చేపలను ఏరి సముద్రంలోకి విసిరేస్తూ వచ్చాడు. పక్క ముక్కను అలాగే వదిలేశాడు. 1966లో ఆయన ప్రకటించిన లెక్కలో నక్షత్ర చేపలు లేని ముక్కలో 15 జాతులు కాస్తా 8 అయ్యాయి. నక్షత్ర చేప ఇష్టంగా తినేది ఒక రకం ఆల్చిప్పను. రాతి మీద చోటు కోసం జరిగే పోటీలో అన్నిటినీ తోసేసి గెలిచేది కూడా ఆ ఆల్చిప్పే. గెలిచేదాన్ని తినే జంతువు పోతే గెలిచేది చోటంతా ఆక్రమిస్తుంది. నక్షత్ర చేప పోటీలో ఓడే జాతులను మాత్రమే తినేదై ఉంటే, దాన్ని తీసేసినా జాతులు తగ్గేవి కావు. ఉత్తర పసిఫిక్‌లో సముద్రపు నీటికుక్క పోతే సీ అర్చిన్లు అనే ముళ్ల బంతుల్లాంటి జీవులు పెరిగి కెల్ప్ అనే నాచు అడవిని కొరికేయడం కూడా ఇదే తీరు. అర్చిన్లను అంత గట్టిగా తినేది అక్కడ ఇంకోటి లేదు.

దీని నుంచి నేను తీసే సూత్రం ఇది. మూడు షరతులు కలిసినచోట భయపడండి: ఆ వేటజంతువు తినేది ఆ చోటులో పెత్తనం చేయగల జీవి అయి ఉండాలి, అదే పని చేసే ఇంకో వేటజంతువు ఉండకూడదు, తినబడే జీవికి తిండి, చోటు మిగులుగా ఉండాలి. ఒక్కటి తప్పినా ప్రభావం మెత్తబడుతుంది. నాలుగు రకాల గద్దలు, రెండు రకాల పాములు, ఒక నక్క ఎలుకల్ని తినే చోట ఒక గద్ద జాతి పోయినా మిగిలినవి చాలావరకు ఆ పని చూసుకుంటాయి.

ఆహార జంతువు ఒంటి బరువు కూడా ఒక ఆనవాలు. ఆఫ్రికాలోని సెరెంగెటి మైదానాల్లో దాదాపు 40 ఏళ్ల లెక్కలు చూసినప్పుడు, సుమారు 150 కిలోల కంటే చిన్న మేత జంతువులను ఎక్కువగా వేటే అదుపు చేస్తోందని, ఆ పైన ఉన్నవాటిని తిండే ఆపుతోందని తేలింది. చిన్నదాన్ని తినగలిగే నోళ్లు ఎక్కువ. ఏనుగు, ఖడ్గమృగం పెద్దవయ్యాక వాటిని ముట్టేవి దాదాపు లేవు. వైల్డ్‌బీస్ట్ అనే మేత జంతువు వేటను తప్పించుకోవడానికి ఇంకో ఎత్తు వేసింది. అది వలస పోతుంది, సింహం తన హద్దు వదిలి వెంటపడలేదు. పైగా దూడల్లో ఎక్కువ భాగం మూడు వారాల వ్యవధిలోనే పుడతాయి కాబట్టి వేటజంతువులు ఎంత తిన్నా మిగులుతాయి. ఆ వైల్డ్‌బీస్ట్ చాలా ఏళ్లు తక్కువగా ఉండటానికి కారణం సింహం కాదు, పశువుల నుంచి సోకిన రిండర్‌పెస్ట్ రోగం. చుట్టుపక్కల పశువులకు టీకాలు వేశాక 1961 ప్రాంతంలో రెండున్నర లక్షలుగా ఉన్న మంద 1977కల్లా 13 లక్షలకు చేరింది. అవి గడ్డి మేసేయడంతో కార్చిచ్చులు తగ్గాయి, కార్చిచ్చులు తగ్గడంతో చెట్లు పెరిగాయి. కంటికి కనిపించని వైరస్ ఒక మైదానంలో చెట్ల సంఖ్యను నిర్ణయించింది. రోగాలను, పరాన్నజీవులను వదిలేసి గీసిన ఆహార వల అసంపూర్తిగా ఉంటుందనడానికి ఇంతకన్నా బలమైన సాక్ష్యం నాకు తెలియదు.

పరస్పర సాయం మీద అపోహ ఒకటుంది, అది ఎప్పుడూ స్థిరంగా ఉంటుందని. ఆ సాయానికీ ఖర్చుంది. కెన్యాలో ఒక తుమ్మ జాతి తన ముళ్ల మొదళ్లను బుడగల్లా ఉబ్బించి చీమలకు గూళ్లుగా ఇస్తుంది, ఆకుల దగ్గర తియ్యటి రసం కూడా పెడుతుంది. చీమలు ఏనుగుల్ని, జిరాఫీల్ని కుట్టి తరుముతాయి. మేసే జంతువులు రాకుండా పదేళ్లు కంచె వేస్తే చెట్లకు మేలు జరగాలి కదా. అలా జరగలేదని 2008లో తేలింది. మేత భయం లేని చెట్లు ముళ్లబుడగలు, రసం తగ్గించేశాయి. కాపలా చీమలు బలహీనపడి వాటి చోట్లోకి ఇంకో చీమ వచ్చింది. ఆ కొత్త చీమ ముళ్లబుడగల్లో కాకుండా కాండం తొలిచే పెంకుపురుగుల బొరియల్లో కాపురముంటుంది, కాబట్టి ఆ పురుగుల్ని ఆపదు. చెట్ల ఎదుగుదల తగ్గింది, చావులు పెరిగాయి. శత్రువును తీసేస్తే మిత్రుడూ పోయాడు. అందుకే “హాని చేసే జంతువు”, “మేలు చేసే జంతువు” అని రెండు జాబితాలు రాసుకుని పని మొదలుపెట్టొద్దని గట్టిగా చెబుతాను.

పోయిన జంతువును తిరిగి తెచ్చినా పాత స్థితి దానంతట అదే రాదు. అమెరికాలోని ఎల్లోస్టోన్ జాతీయ పార్కులో 1995, 1996ల్లో 31 తోడేళ్లను వదిలారు. ఎల్క్ దుప్పులు తగ్గి, కొన్నిచోట్ల విల్లో పొదలు లేచిన మాట నిజం. కానీ తోడేళ్లు లేని దశాబ్దాల్లో విల్లో పోయింది, విల్లో లేక, వాగులకు అడ్డంగా కట్టలు కట్టే బీవర్లు అనే జంతువులు పోయాయి, వాటి కట్టలు లేక వాగులు లోతుగా కోసుకుపోయి భూమిలో నీటిమట్టం దిగిపోయింది. అలాంటి వాగుల పక్కన కంచె వేసి మేత ఆపినంత మాత్రాన పొదలు సరిగ్గా ఎదగలేదు. కంచెతో పాటు వాగుకు కట్ట కూడా కట్టినచోటే ఎత్తుగా పెరిగాయి.

మీరు స్వయంగా చేయాల్సిన పనికి వస్తాను. మొదట చిన్న చోటు ఎంచుకోండి: ఒక గుంట, ఒక గడ్డి ముక్క, ఒక పొదల వరస. పెద్ద జంతువులను పట్టడానికి, గుర్తు పెట్టడానికి అనుమతి కావాలి, పైగా అనుభవం లేకపోతే వాటికి ప్రాణాపాయం. మిడతలు, నత్తలు, పెంకుపురుగులతో మొదలుపెట్టండి. సూత్రాలు అన్నిటికీ ఒకటే.

సంఖ్య తెలుసుకోవడానికి గుర్తు పెట్టి మళ్లీ పట్టే పద్ధతి వాడండి. ఉదాహరణకు మొదటిసారి 60 నత్తలు పట్టి, చిప్ప మీద చిన్న రంగు చుక్క పెట్టి, పట్టిన చోటే వదిలారు. వారం తర్వాత 75 పట్టారు, వాటిలో 15కు చుక్క ఉంది. 60ని 75తో గుణించి 15తో భాగిస్తే 300. గుర్తున్నవి తక్కువగా దొరికినప్పుడు ఈ లెక్క పైకి లాగుతుంది, అందుకే మూడు అంకెలకూ ఒకటి చేర్చి, వచ్చినదాంట్లో ఒకటి తీసేస్తారు. 61 ఇంటూ 76, బై 16, మైనస్ 1. దాదాపు 289. నేనైతే ఎప్పుడూ ఈ రెండోదే వాడమంటాను. గుర్తున్నవి పది కూడా దొరకకపోతే ఆ అంకెను నమ్మకండి, ఇంకా ఎక్కువ పట్టండి.

తప్పులు వచ్చే దారులు ఇవి. రంగు ఊడిపోతే, లేదా చుక్క మెరిసి పిట్టల కంటపడి గుర్తున్నవే ఎక్కువ చస్తే, రెండోసారి అవి తక్కువ దొరికి మొత్తం అంకె ఉన్నదానికంటే పెద్దదవుతుంది. చుక్కను పైనుంచి కనపడని వైపు పెట్టాలి. ఒకసారి పట్టుబడిన జంతువు బోనుకు భయపడినా అంకె పెరుగుతుంది. ఎరకు అలవాటుపడి మళ్లీ మళ్లీ వస్తే తగ్గుతుంది. రెండు పట్టుళ్ల మధ్య గడువు ఎక్కువైతే బయటి నుంచి కొత్తవి చేరతాయి, మరీ తక్కువైతే గుర్తున్నవి మిగతావాటితో కలవవు. నత్తకు కొన్ని రోజులు, ఎగిరే కీటకానికి ఒకటి రెండు రోజులు సరిపోతాయి.

ఎవరు ఎవరిని తింటున్నారో చూడటానికి పెంటికల్లోని వెంట్రుకలు, ఎముకలు, పురుగుల రెక్కలు పనికొస్తాయి. ఇందులో మూడు మోసాలున్నాయి. చిన్న జంతువుకు మాంసంతో పోలిస్తే వెంట్రుకలు ఎక్కువ, కాబట్టి ఎలుకలు ఎక్కువగా, పెద్ద జంతువులు తక్కువగా తిన్నట్టు కనిపిస్తుంది. వానపాముల్లాంటి మెత్తటివి దాదాపు ఆనవాలు వదలవు. చంపి తిన్నదా, చచ్చినదాన్ని తిన్నదా అన్నది పెంటిక చెప్పదు. ఆటోమేటిక్ కెమెరా పెడితే ఒకే నక్క పది నిమిషాల్లో నాలుగు ఫొటోల్లో పడుతుంది, దాన్ని నాలుగు నక్కలుగా రాయకండి. ఒకే జాతి ఫొటోల మధ్య కనీసం అరగంట ఎడం ఉంటేనే వేరు రాకగా లెక్కపెట్టండి. అప్పటికీ అది రాకపోకల లెక్కే, జంతువుల సంఖ్య కాదు.

అదుపు చేస్తున్నది ఎవరో తేల్చేది మాత్రం తీసి చూసే ప్రయోగమే. పిట్టలు మిడతలను అదుపు చేస్తున్నాయా అన్నది మీ అనుమానం అనుకుందాం. మీటరు పొడవు, మీటరు వెడల్పు ముక్కలు పదిహేను గుర్తించండి. మొదటి రోజే అన్నిటిలో మిడతలను, గడ్డి ఎత్తును లెక్కపెట్టి రాయండి, లేకపోతే తర్వాత కనిపించిన తేడా ముందునుంచే ఉందేమో తెలియదు. చీటీలు తీసి ఐదింటిని అలాగే వదిలేయండి. ఐదింటికి 25 మిల్లీమీటర్ల కన్నున్న వల అన్ని వైపులా, పైనా కట్టండి. పిట్ట దూరదు, మిడత దూరుతుంది. మిగిలిన ఐదింటికి అదే వల పైన, రెండు పక్కల మాత్రమే కట్టి, మిగతా రెండు పక్కలు తెరిచి ఉంచండి. ఈ మూడో రకాన్ని చాలామంది వదిలేస్తారు, ప్రయోగం పాడయ్యేది అక్కడే. వల నీడనిస్తుంది, గాలిని ఆపుతుంది, సాలీళ్లు దాని మీద గూడు కడతాయి. సగం వల ఉన్నచోట కూడా మిడతలు పెరిగితే కారణం పిట్టలు లేకపోవడం కాదు, వలే. పూర్తి వలలో మాత్రమే పెరిగితే పిట్టల పని నిజం. వారానికోసారి, ఒకే వేళలో, ఒకే మనిషి లెక్కపెట్టాలి. చల్లటి పొద్దున మిడతలు కదలవు, ఎండెక్కాక ఎగిరిపోతాయి. వేళ మారితే అంకెలు కూడా వాటితో పాటే మారతాయి.

మిడతల్లో తేడా కొన్ని వారాల్లో కనిపించవచ్చు. గడ్డి మీద దాని ప్రభావం చూడాలంటే ఆ సీజనంతా, పొదల మీద చూడాలంటే ఏళ్లు కావాలి. తేడా రాకపోతే పిట్టలకు పనిలేదని రాసేయకండి. అదే ప్రయోగం తిండి దండిగా ఉన్న వానల తర్వాత ఒకసారి, గడ్డి ఎండిన రోజుల్లో ఒకసారి చేయండి. తిండి కరువులో మిడతలు వాటంతటవే చస్తుంటే పిట్టలున్నా లేకున్నా అంకె ఒకటే. పచ్చగా ఉన్నప్పుడు మాత్రం తేడా పైకి తేలవచ్చు.